ప్లైవుడ్ సింహద్వారం

ఇల్లు కొనడానికి మేం తిరుగుతున్న రోజుల్లో మా అత్తగారు కూడా ఇండియాలో కూర్చుని వీడియో కాల్‌లో మాతోపాటే తిరిగేవారు. ఏజెంట్ వంటింట్లో పాలరాతి బల్ల చూపిస్తుంటే, బేస్‌మెంట్‌లో సినిమా హాలు చూపిస్తుంటే, ఫోన్‌లోంచి ఒకటే మాట వచ్చేది.

"అవన్నీ సరేలే అమ్మాయ్, గడప చూపించు."

నేను ఫోన్ కిందికి వంచేదాన్ని. అక్కడ ఏముంటుంది నా మొహం, ఒక అల్యూమినియం రేకు. కాలికి తగలదు, కంటికి ఆనదు.

"అదేంటి, రేకుముక్క! పసుపు ఎక్కడ రాస్తావు?"

"ఇక్కడ గడపలుండవు అత్తయ్యా. చక్రాల కుర్చీలు, పిల్లల బండ్లు వెళ్ళాలని చదునుగా పెడతారు."

"అయితే ఇంకోటి చూడండి."

ఇలా మేముండే ఈ నోవై ఊళ్ళో సగం ఇళ్ళని ఆవిడ గడప లేదని కొట్టిపారేశారు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఉండబోయేది మేము, మంచు ఎత్తిపోసుకునేది మేము, గడప మాత్రం ఆవిడకి కావాలి! కారెక్కగానే మా ఆయన మీద విరుచుకుపడేదాన్ని. అత్తగారు వింటున్నప్పుడు ఆయన నాకు 'ఏమండీ'. కార్‌లో 'నువ్వు'. ఇక్కడ ఎమ్మెస్ చదివేటప్పుడు మేం క్లాస్‌మేట్లం, ఆ పాత అలవాటు ఎక్కడికీ పోలేదు.

ఆవిడ బాధ నాకు తెలియదని కాదు. మామగారిది బదిలీల ఉద్యోగం. ఏ ఊరు వెళ్ళినా ఎవరింట్లోనో వెనక వాటా, పక్క సందులోంచి దారి. సింహద్వారం ఇంటివాళ్ళది. ఒక ఊళ్ళో ఆవిడ ఆశ పట్టలేక సందువైపు గడపకి పసుపు రాసి బొట్లు పెడితే, ఇంటావిడ వచ్చి "కొత్తగా రంగు వేయించాం, మరకలు పడితే ఎవరిదమ్మా బాధ్యత?" అందట. అప్పట్నుంచి ఇల్లు ఖాళీ చేసినప్పుడల్లా, తాళంచెవి ఇచ్చేముందు బకెట్ నీళ్ళు పెట్టుకుని గడప రుద్ది రుద్ది కడిగి, పసుపు జాడ లేకుండా అప్పగించేవారట. ఇదంతా ఆవిడ ఏడుస్తూ చెప్పలేదు. చారుపొడి ఎలా కొట్టాలో చెప్పినట్టు చెప్పారు. "మరి సొంతిల్లు కట్టుకోలేదేం మామయ్యా?" అంటే ఆయన "బదిలీలమ్మా" అంటారు. రిటైరై ఇన్నేళ్ళయినా అదే జవాబు.

చివరికి మాకు కుదిరిన ఇంటికీ గడప లేదు. తూర్పుముఖం కాబట్టి అత్తగారు ఒప్పుకున్నారు. నేను ఒప్పుకున్నది తలుపు చూసి. నిలువెత్తు అద్దం, చుట్టూ సన్నటి చట్రం, అద్దం మీద తీగలూ పువ్వులూ. పొద్దున ఎండ పడితే ఆ తీగల నీడ హాల్లో నేలంతా పాకుతుంది. "తలుపుకి అద్దమేంటే, ఊరంతా లోపలికి చూస్తారు" అన్నారు అత్తగారు. చూడనివ్వండి అనుకున్నాను మనసులో.

ముహూర్తం మాఘమాసంలో వచ్చింది. అందరి అత్తమామలూ ఇక్కడికి వేసవిలో వస్తారు. మావాళ్ళు మోకాటిలోతు మంచులో దిగారు. అత్తగారు పట్టుచీర మీద కొడుకు పాత జాకెట్, తలకి మంకీ క్యాప్. ఎయిర్‌పోర్ట్‌లోనే నా చెయ్యి పట్టుకుని, "నా జన్మకి ఒక్క సింహద్వారం అమ్మాయ్. నా వాళ్ళ ఇంట్లోకి ముందువైపు నుంచి కుడికాలు పెట్టి వెళ్తే చాలు. ఆ తర్వాత నేనేం అడగను" అన్నారు. ఆ ఆఖరి మాట నేను నమ్మలేదనుకోండి.

ముహూర్తం దాకా ఆ ద్వారంలోంచి ఎవ్వరూ వెళ్ళకూడదని ఆవిడ ఆజ్ఞ. సామాన్లన్నీ గరాజ్‌లోంచే చేరవేశాం. గరాజ్ లెక్కలోకి రాదట. ఇది ఏ శాస్త్రంలో ఉందని నేనడగలేదు.

ఇప్పుడు కొబ్బరికాయ సంగతి చెప్పాలి. మా ఆయన జీవితంలో ఒక్క కాయ సరిగా కొట్టిన పాపాన పోలేదు. కొత్త కారు కొన్నప్పుడు గుడి పార్కింగ్ లాట్‌లో కొడితే, కాయ పగలకుండా దొర్లుకుంటూ వెళ్ళి పక్కవాళ్ళ వ్యాన్ కిందికి దూరింది. ఈయన పట్టుపంచెతో వ్యాన్ కింద పాకుతుంటే ఎవరో వీడియో కూడా తీశారు. ఆ తర్వాత తలో వంటా చేసుకొచ్చి కలిసి తినే ఏ పాట్‌లక్‌కి వెళ్ళినా ఎవరో ఒకరు ఆ మాటెత్తకుండా పెరుగన్నం దాకా రారు. గృహప్రవేశానికి అదే జనం రాబోతున్నారు. అందుకని ముందురోజు మధ్యాహ్నం అందరినీ కొత్తింటికి తీసుకెళ్ళి, గుమ్మం ముందు ప్రాక్టీస్ చేస్తానన్నాడు.

"ప్రాక్టీసేంట్రా, ఇదేమన్నా డ్రైవింగ్ టెస్టా?" అన్నారు మామగారు కార్‌లోంచి దిగకుండానే.

"కాస్త మెల్లిగా కొట్టండి" అన్నాను నేను. అత్తగారు పక్కనే ఉన్నారు కాబట్టి ఆ 'అండి'.

"మెల్లిగా కొట్టబట్టే అప్పుడు పగల్లేదు" అని, క్రికెట్‌లో బంతి వేసేవాడిలా చెయ్యి గిర్రున తిప్పి, గుమ్మం ముందున్న సిమెంటు మెట్టు మీద బలమంతా పెట్టి విసిరాడు.

కాయ పగల్లేదు. మెట్టు అంచుకు తగిలి ఎగిరి, తిన్నగా వెళ్ళి నా తలుపుకి కొట్టుకుంది. నా తీగలూ నా పువ్వులూ ఒక్కసారిగా జలజలా రాలిపోయాయి. గుమ్మం నిండా పటికబెల్లం కుమ్మరించినట్టు గాజుముక్కలు. కాయకి మాత్రం ఒక్క బీట లేదు. అది నింపాదిగా హాల్లోకి దొర్లుకుంటూ వెళ్ళి మేడమెట్ల దగ్గర ఆగింది. మా అందరికంటే ముందు ఆ ఇంట్లో గృహప్రవేశం చేసింది ఆ కొబ్బరికాయే.

అంతటితో ఆగినా బాగుండేది. మా ఆయన దాన్ని పట్టుకురావడానికి పరిగెత్తి, మెట్టు మీద గడ్డకట్టిన మంచుకి కాలు జారి, పడకుండా ఉండడానికి తలుపు పిడి పట్టుకుని వేలాడాడు. ఇల్లు పాతది. లోపల చట్రం పుచ్చిపోయి ఉందని మాకు అప్పుడే తెలిసింది. తలుపు బందులతో సహా ఊడొచ్చి ఆయన పక్కనే పడుకుంది.

"నువ్వసలు మనిషివేనా!" అని అరిచాను, అత్తగారి ముందే.

హైస్కూల్లో ఉన్న మా అమ్మాయి కళ్ళు పెద్దవి చేసి, "మామ్, ఫస్ట్ నాన్నకి దెబ్బ తగిలిందా అని అడగాలి కదా?" అంది.

"నాకేం కాలేదు" అన్నాడాయన పడుకునే.

"నిన్నెవరూ అడగలేదు" అన్నాను.

అత్తగారికి ఇవేవీ వినబడలేదు. తలుపులేని ఆ కంతని చూస్తూ నిలబడిపోయారు. "అయ్యో అయ్యో, నా సింహద్వారం" అన్నారు మెల్లిగా.

చలి మాత్రం మర్యాద పాటించలేదు, నేరుగా లోపలికి వెళ్ళిపోయింది. అలా వదిలేస్తే పొద్దుటికి పైపులు గడ్డకట్టి పగుల్తాయి, పైగా ఇల్లు బార్లా తెరిచినట్టే. మా అమ్మాయి ఫోన్‌లో వెతికింది. పగిలిన తలుపులకీ కిటికీలకీ అప్పటికప్పుడు వచ్చి చెక్కలు బిగించి వెళ్ళేవాళ్ళుంటారట. అలాంటి ఒకతను బయల్దేరాడని తెలియగానే నేను పంతులుగారికి ఫోన్ చేశాను.

"ద్వారానికి చెక్క కొట్టి మూసేస్తే మరి ప్రవేశం దేంట్లోంచి చేయించమంటావమ్మా?" అన్నారాయన. "వాయిదా వేసుకోండి. మీ నక్షత్రానికి మళ్ళీ వైశాఖంలోగానీ లేదు."

వైశాఖానికి అత్తగారూ మామగారూ ఇక్కడుండరు. మామగారి కంటి ఆపరేషన్‌కి ఉగాది కాగానే తిరిగి వెళ్ళాలి. ఆ మాట అత్తగారికి నేను చెప్పలేదు. చెప్పక్కర్లేకుండానే ఆవిడకి తెలిసిపోయింది.

చెక్కలతను వచ్చాడు. భారీ మనిషి, ఛాతీ దాకా గడ్డం, ట్రక్కు నిండా ప్లైవుడ్. ఏం తగిలి పగిలిందని అడిగాడు. కొబ్బరికాయ అన్నాను. ఎవరు విసిరారన్నాడు. మావారన్నాను. అతను మా ఆయన్ని చూశాడు, నన్ను చూశాడు, గొంతు తగ్గించి, "మేడమ్, మీరు క్షేమంగానే ఉన్నారా?" అన్నాడు.

"నేను క్షేమమే. ఆయనకే గ్యారంటీ లేదు" అన్నాను.

అతను గడ్డంలో నవ్వాడు. అద్దాల్లోంచి లేడి దూకిన ఇళ్ళు చూశాడట, బేస్‌బాల్ సంగతి సరేసరి, ఒకసారి ఫ్రీజర్‌లోంచి తీసిన టర్కీ కోడి కూడానట. కొబ్బరికాయ ఇదే మొదలట. టేపుతో కంత కొలిచి, "మొత్తం ఒకటే షీటు వేసి బిగించేస్తాను. ఎలుగుబంటి వచ్చి తోసినా కదలదు. మీరు గరాజ్‌లోంచి తిరగండి" అన్నాడు.

మా అమ్మాయి తర్జుమా చేసింది. "నానమ్మా, హీ విల్ క్లోజ్ ఇట్. మనం గరాజ్ నుంచి వెళ్ళాలంట. ఇట్స్ ఫైన్, కదా?"

అత్తగారు వెనక్కి తిరిగారు. వెళ్ళి కార్‌లో మామగారి పక్కన కూర్చుని సీట్ బెల్ట్ కూడా పెట్టుకున్నారు. నేను అద్దం మీద తడితే కొంచెం దించి, "ఇక్కడ కూడా పక్క సందేనన్నమాట" అన్నారు.

గడప గడప అని ఏడాదిపాటు నా ప్రాణం తోడేసిన మనిషి మీద అంత జాలి పుడుతుందని నేననుకోలేదు. మామగారు మాత్రం అటువైపు కిటికీలోంచి మంచుకేసి చూస్తూ కూర్చున్నారు. ఈసారి బదిలీల మాట ఎత్తలేదు.

నాకు జాలి వేసినా అది కోపంగానే బయటికి వస్తుంది. విసవిసా వెళ్ళి అతని చేతిలో డ్రిల్లుకి అడ్డం నిలబడ్డాను. "మూయడానికి వీల్లేదు. రేపు పొద్దున మా అత్తగారు ఈ దారినే లోపలికి వెళ్ళాలి."

"కొత్త తలుపు రావడానికి వారాలు పడుతుంది మేడమ్."

"తలుపు కాకపోయినా సరే. తెరుచుకోవాలి, మూసుకోవాలి. అంతే."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదా! ప్లైవుడ్‌కే బందులు వేసి తాళం పెట్టే ఏర్పాటు చేస్తాను. కాలిపోయిన ఇళ్ళకి అలాగే చేస్తాం. కానీ చూడ్డానికి ఏం బాగోదు."

"మా పెళ్ళి ఫొటోలూ బాగోవు. మీరు కానివ్వండి" అన్నాను. పక్కనే గాజుముక్కలు ఊడుస్తున్న మా ఆయన చీపురు ఇంకాస్త గట్టిగా ఆడించాడు.

బోల్టులు లోపలివైపు నుంచి కూడా బిగించాలట. అతను గుమ్మం దాటబోతుంటే కార్‌లోంచి కేక వినబడింది. "కుడికాలు! కుడికాలు పెట్టమనవే!" పనివాళ్ళు ముందు అడుగుపెడితే దోషం లేదని కూడా ఆవిడే తేల్చేశారు, కాలు మాత్రం కుడిదే కావాలి. మా అమ్మాయి సిగ్గుతో చచ్చిపోతూ అతనికి చెప్పింది. అతను ఆగి, తన బూట్లకేసి చూసుకుని, "ఇదేనా?" అని కుడికాలు పైకెత్తి చూపించాడు. అత్తగారు కార్‌లోంచి తలూపారు. ఆ సాయంత్రం ట్రక్కుకీ ఇంటికీ మధ్య అతనెన్నిసార్లు తిరిగాడో, అన్నిసార్లూ గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి కాళ్ళు సరిచూసుకునే లోపలికి వెళ్ళాడు.

చివర్లో, "కింద సందులోంచి గాలి దూరుతుంది, తలుపు ఆనడానికి కూడా ఏదో ఒకటి ఉండాలి" అంటూ ట్రక్కులోంచి ఒక దుక్కలాంటి చెక్క తెచ్చాడు. ఇక్కడివాళ్ళు టూ బై ఫోర్ అంటారు. దాన్ని గుమ్మానికి అడ్డంగా, ఆ దిక్కుమాలిన రేకుకి బయటివైపు పరిచి, గట్టిగా బిగించేశాడు.

అత్తగారు సీట్ బెల్ట్ తీశారు.

మంచులో చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని వచ్చి, వంగి ఆ చెక్కని ఈ చివర నుంచి ఆ చివర దాకా తడిమి చూశారు.

"ఏంటే ఇది?"

"గాలి రాకుండా అంట, నానమ్మా."

"గాలి రాకుండా ఏంటే పిచ్చిదానా! గడప!"

మర్నాడు పొద్దున్న మేం వెళ్ళేసరికే ఎండ వచ్చింది. అత్తగారు ప్లైవుడ్ తలుపుకి నిలువునా పసుపు పట్టించి వరసగా కుంకుమ బొట్లు పెట్టారు. చెక్కల మిల్లు వాళ్ళు వేసిన నల్ల అచ్చు అక్షరాలు పసుపులోంచి తలకిందులుగా కనిపిస్తూనే ఉన్నాయి. మామిడి తోరణాన్ని మా ఆయన స్టేపుల్ గన్‌తో కొట్టాడు. దానికి మాత్రం ఆయనకి ప్రాక్టీస్ అక్కర్లేకపోయింది. గడపకి పట్టించిన పసుపు మందం చూస్తే అట్లకి పిండి వేసినట్టుంది. తలుపు తెరుచుకుంటుందని రాత్రే నేను మళ్ళీ ఫోన్ చేసి చెప్పాను కాబట్టి పంతులుగారు వచ్చారు; కారు దిగి, దాన్ని పైనుంచి కిందిదాకా చూసి, "చెక్కే కదా, ఫరవాలేదు" అన్నారు.

జనమంతా గుమ్మం ముందు చేరారు. మా ఆయన కొబ్బరికాయ చేతిలోకి తీసుకోగానే ముందు వరసవాళ్ళు నవ్వుతూ నాలుగడుగులు వెనక్కి వేశారు. ఒకాయన ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాడు. అత్తగారు చెయ్యి చాపారు.

"ఇటివ్వరా. నిన్న నా తలుపు పగలగొట్టింది ఇదేనా?"

"అదే అమ్మా. పారేద్దామంటే నువ్వే వద్దన్నావు."

"దీని సంగతి నాకొదిలెయ్" అని, కాయ పీచు సరిచూసుకుని, మెట్టు అంచుకి వేసి ఒక్కటిచ్చారు. రెండు చెక్కలై నీళ్ళు చింది మా ఆయన మొహం మీద పడ్డాయి. చప్పట్లు కొట్టారందరూ.

పద్ధతి ప్రకారం కలశం పట్టుకుని ముందు నేనూ ఆయనా వెళ్ళాలి. "పెద్దవాళ్ళుండగా మేమేంటండీ" అని నేను పక్కకి జరిగాను. పంతులుగారు కూడా సరేనన్నారు. "నేనెందుకమ్మా" అని మామగారు నసిగారు, కానీ అత్తగారు మోచెయ్యి పట్టుకుని లాక్కెళ్ళారు. తలుపు తెరిచాం. ఆవిడ కుడికాలు ఎత్తి, కావలసినదానికంటే ఎత్తుగా ఎత్తి, గడప అవతల పెట్టారు. తర్వాత రెండోది. అక్కడే ఆగిపోయారు. వెనక కలశంతో నేను, నా వెనక దేవుడి పటంతో మా ఆయన, ఆ వెనక చెప్పుల్లేకుండా మంచు మీద ఊరంతా.

"నడవండత్తయ్యా, కాళ్ళు కొయ్యబారిపోతున్నాయి" అన్నాను.

"ఉండవే, దాటుతున్నాను" అన్నారు వెనక్కి తిరగకుండా. అప్పటికే దాటేశారు.

కొత్త తలుపు వచ్చేదాకా ప్లైవుడ్‌తోనే గడిపాం. ఇంట్లో ఏదో ఘోరం జరిగిందనుకుని పక్కింటివాళ్ళు కేక్ పట్టుకుని పరామర్శకొచ్చారు. ఆ చెక్క తగలని కాలు లేదు. బట్టల బుట్ట ఎత్తుకొస్తూ నేను తన్నుకున్నాను, ఫోన్ చూసుకుంటూ మా అమ్మాయి తన్నుకుంది, మా ఆయన సంగతి చెప్పనే అక్కర్లేదు. ప్రతిసారీ నా నోట్లోంచి వచ్చిన మాటలు ఇక్కడ రాయలేను. అత్తగారు మాత్రం శుక్రవారం శుక్రవారం పాతపసుపు తుడిచి కొత్తది రాసి బొట్లు పెట్టేవారు. మా అమ్మాయి ఒకరోజు ఎండ కోసం గడప మీద కూర్చుంటే, "లే లే, గడప మీద కూర్చోకూడదు, లక్ష్మీదేవి వచ్చే చోటు!" అని గదమాయించి లేపారు.

ఉగాదికి కాస్త ముందు, రోడ్ల పక్కన మంచు నల్లబడి కరుగుతున్న రోజుల్లో, తలుపు వచ్చిందని చెక్కలతను ఫోన్ చేశాడు. మళ్ళీ పువ్వుల అద్దమే ఎంచుకున్నాను. ట్రక్కు శబ్దం వినబడి నేను సంబరంగా కిందికి దిగేసరికి, ప్లైవుడ్ తలుపు తెరిచి ఉంది. అత్తగారు పక్కన బకెట్ వేడినీళ్ళు పెట్టుకుని, అంట్లు తోమే పీచుతో గడప రుద్దుతున్నారు. సగం పసుపు అప్పటికే పోయింది. చెక్క తెల్లగా బయటపడింది.

"ఏం చేస్తున్నారత్తయ్యా?"

"వాళ్ళ చెక్క కదమ్మా, తీసుకెళ్ళిపోతారుగా" అన్నారు తలెత్తకుండా. "అప్పగించేటప్పుడు శుభ్రం చేసి ఇవ్వాలి. మరకలుంటే మాటొస్తుంది."

మళ్ళీ అదే, చారుపొడి కొట్టడం చెప్పే గొంతు. చేతులు అలవాటైన పని కాబట్టి చకచకా రుద్దుకుపోతున్నాయి. నా కళ్ళల్లో గిర్రున నీళ్ళు తిరిగాయి. వెంటనే ఎవరి మీదో తెలియని కోపం వచ్చింది. పీచు లాక్కుని బకెట్లో పారేసి, వెళ్ళి ఆ గడప మీద, తడి మీదే, చతికిలబడి కూర్చున్నాను.

అత్తగారు అదిరిపడ్డారు. "అమ్మాయ్! గడప మీద కూర్చోకూడదు, లే!"

"లేస్తే పట్టుకుపోతాడు" అన్నాను.

గడ్డమాయన డ్రిల్లు పట్టుకుని వచ్చి నన్ను చూసి ఆగాడు. ప్లైవుడ్ తీసుకెళ్ళు, ఇది మాత్రం ఇక్కడే ఉంటుందని చెప్పాను. నేను కొంచెం గట్టిగానే చెప్పి ఉంటాను, అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. కొత్త తలుపు పెట్టాలంటే ముందు దాన్ని తీయక తప్పదట, పెట్టాక కావాలంటే మళ్ళీ ఇక్కడే బిగిస్తానన్నాడు. కానీ ఇలాంటిది గుమ్మానికి అడ్డంగా ఉంటే కాలికి తగిలి ఎవరో ఒకరు పడతారని, ఆ తర్వాత తనని అనకూడదని హెచ్చరించాడు.

మా అమ్మాయి వచ్చి నిలబడి చెప్పింది. "నానమ్మా, ఇది ఉంటే అందరూ ట్రిప్ అయి పడిపోతారంట."

"చూసుకుని దాటమను" అన్నారు అత్తగారు. "గడప ఉండేది అందుకే."

తర్వాత నా రెక్క పట్టుకుని లేపి, నేను కూర్చున్న చోటు కొంగుతో తుడిచి, పసుపు గిన్నె కోసం లోపలికి వెళ్ళారు.